మొక్కా కాదు, నీచూ కాదు

ఉంగుటూరు శివారు, కొల్లేటి కాలవ గట్టు
మార్చి 10

ప్రీతమ్మకి మీ తాత రాజరత్నం రాయడం.

ఇక్కడ ఎలా ఉన్నామో మీ మామ్మ ఫోనులో రోజూ చెబుతూనే ఉంది. ఆ ముక్క మళ్లీ రాసి సిరా దండగ చెయ్యను. నాకు ఫోను వద్దు. నువ్వు అందులో మాట్లాడితే కప్ప అరిచినట్టు ఉంటుంది. చెవిలో మిషను పెట్టుకోమని మీరంతా ఒకటే గోల. చెవులు నావి. నాకు అక్కర్లేదు. నేను చదివింది రెండో తరగతే అయినా చర్చిలో వాక్యం కూడబలుక్కుని చదువుతాను, నీ ఉత్తరమూ అలాగే చదువుకుంటాను. అక్షరాలు పెద్దవిగా రాయి.

సంగతేమిటంటే, క్రిస్మస్ ముందు మీ మామ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది కదా. అప్పుడు తాడేపల్లిగూడెం ఆసుపత్రి వరండాలో కూర్చుని దేవుడికి ఒక మాట ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మార్తమ్మ కుడిచెయ్యి మార్తమ్మకి తిరిగి ఇచ్చెయ్, వచ్చే లెంటులో, ఈస్టరుకి ముందు నలభై దినాలూ చేపగాని రొయ్యగాని కోడిగాని, నీచన్నది ముట్టను అని. నాకు బతిమాలడం రాదు. అందుకని బేరం ఆడాను. జనవరిలో వేళ్లు కదిలాయి. పోయిన నెల గరిటె పట్టుకుంది. ఇప్పుడు వంటంతా ఆవిడే. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు. ఇక నా వంతు.

మొన్న లెంటు మొదలైన బుధవారం చర్చిలో లేచి నిలబడి ఈ సంగతి అందరికీ చెప్పాను. ఈస్టరు నాడు ఇదే చోట నిలబడి సాక్ష్యం చెబుతానని కూడా అన్నాను. పక్కింటి సూర్యనారాయణ చర్చికి రాడు గానీ చర్చి కబురు వాడికి పాస్టరుగారికంటే ముందు తెలుస్తుంది. టీ కొట్టు దగ్గర పట్టుకుని, నేను ఈస్టరు దాకా ఆగలేనని పందెం కాశాడు.

"ఏవోయ్ రాజరత్నం, బొమ్మిడాయల పులుసు లేకుండా ముద్ద దిగుద్దా నీకు?"

"నువ్వు కార్తీకమాసం చెయ్యట్లేదా? నేనూ అంతే" అన్నాను.

"నేను చేసేటప్పుడు మా వీరరాఘవమ్మ నీచు గిన్నెలన్నీ అటక ఎక్కించేస్తది. మీ ఇంట్లో అటక ఎక్కించడం మొదలెడితే వంటింట్లో ఏం మిగులుద్దయ్యా?"

కొట్టు దగ్గర అందరూ నవ్వారు. నవ్వనీ. నలభై దినాలూ గడ్డి తిన్నట్టు ఉంటుందనుకున్నాను, అలా లేదు. బీరకాయ భలేగా ఉంది. ఆనపకాయ అయితే కంచంలో రెండుసార్లు వేయించుకున్నాను. ఇన్నేళ్లూ కూరగాయలకి రుచి లేదనుకున్నాను. మాట ఇచ్చినవాడి నాలుకని కూడా దేవుడు బాగుచేస్తాడు కాబోలు.

నువ్వు మీ కాలేజీ నుంచి తెచ్చిచ్చిన పుట్టగొడుగుల విత్తనం గడ్డి సంచుల్లో కూరి సావిట్లో వేలాడదీశాను. సంచుల నిండా తెల్లగా బూజు పట్టింది. పాడైపోయాయా? రాయి.

మీ తాత


ఏలూరు, హాస్టలు
మార్చి 14

తాతయ్యా,

అక్షరాలు ఇంతకంటే పెద్దవి చేస్తే కాగితం చాలదు.

సంచులు పాడవలేదు. ఆ తెల్లటి బూజే అసలు పంట. గడ్డిని తింటూ పెరుగుతోంది. కడుపు నిండాక గొడుగులు బయటకి తోస్తుంది. సంచికి అక్కడక్కడ గాట్లు పెట్టి, చుట్టూ తడిగోనెలు కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. గొడుగు అంచు పైకి తిరగకముందే గుత్తి మొత్తం మెలిపెట్టి తీసెయ్యండి.

ఆసుపత్రి వరండాలో మీ పక్కనే కూర్చున్నాను కదా, నాకైనా చెప్పలేదేం? మీరు గోడకేసి చూస్తుంటే బిల్లు గురించి బెంగపడుతున్నారనుకున్నాను. కొరమేను తలకాయ కోసం నాన్నతో పోట్లాడే మనిషి నలభై దినాలు నీచు మానేశారంటే హాస్టల్లో ఎవరూ నమ్మడం లేదు. నేను నమ్ముతున్నాను.

మామ్మ చేత కుడిచేత్తో రబ్బరు బంతి నొక్కించడం మానకండి. నేను చెబితే "అలాగేలేవే" అంటుంది, మానేస్తుంది.

ప్రీతి


కొల్లేటి కాలవ గట్టు
మార్చి 24

ప్రీతమ్మా,

పంట వచ్చింది. అలాంటి ఇలాంటి పంట కాదు. గుత్తులు గుత్తులుగా, ముత్యాల చిప్పల్లాగ. మీ మామ్మ ఉల్లిపాయలు వేసి ఇగురు పెట్టింది. తిన్నాను. అమ్మాయ్, అచ్చం రొయ్యల ఇగురే! కళ్లు మూసుకుంటే రొయ్యలే తింటున్నాననుకుంటావు. సంతోషం పట్టలేక ఒక గిన్నెడు సూర్యనారాయణ ఇంటికి పంపించాను. అక్కడే చెడింది.

గిన్నె పట్టుకుని వాడు గోడ దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, దొరికిపోయావు. పుట్టగొడుగు నీచు. కార్తీకంలో మా ఇంటి గుమ్మం తొక్కనివ్వం దీన్ని."

"ఎండుగడ్డిలో మొలిచింది నీచేంట్రా?"

"అది మొక్క కాదంట. మా అల్లుడు చదువుకున్నవాడు, వాడే చెప్పాడు. మొక్క కానిది తిన్నావంటే నీచు తిన్నట్టే. ఈస్టరు నాడు ఏమని నిలబడతావు చర్చిలో?"

ఆ మాట నన్ను పొడిచింది. వాడితో పందెం పోతే పోయింది, వేరే పందెం కాస్తాను. దేవుడికిచ్చిన మాట అలా కాదు. ఇన్నేళ్లలో నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు, నీకు తెలుసు. అందుకని నువ్వు తెల్లకాగితం మీద స్పష్టంగా రాసి పంపు. పుట్టగొడుగు మొక్కే అని. కావాలంటే నా రుజువులు రాసుకో. విత్తనం వేశాను, మొలిచింది. నీళ్లు పోశాను, పెరిగింది. కోశాను, అరవలేదు. పారిపోలేదు. నెత్తురు రాలేదు. ఇంకేం కావాలి? కింద మీ కాలేజీ పేరు కూడా వెయ్యి. టీ కొట్టులో చదివిస్తాను.

మీ తాత


ఏలూరు
మార్చి 28

తాతయ్యా,

కోప్పడకండి. అలా రాయలేను. పుట్టగొడుగు మొక్క కాదు.

నేను కళ్లారా చూసిందే చెబుతాను. మొన్న ప్రాక్టికల్సులో మన కాలవలో పెరిగే నాచు ఆకు ఒకటి, మీలాగే పెంచిన పుట్టగొడుగు ముక్క ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టాం. ప్రాణమున్న ఏదైనా కణాలతోనే కట్టి ఉంటుంది, గోడ ఇటుకలతో కట్టినట్టు. నాచు ఆకులో ఆ కణాలు వరసగా గదుల్లాగ కనిపించాయి. ఒక్కో గదిలో ఆకుపచ్చ గింజలు. అవే హరితరేణువులు, అదే మొక్క వంటిల్లు. ఎండ పడితే చాలు, అందులో తన తిండి తనే వండుకుంటుంది. గది మధ్యలో పెద్ద నీళ్ల తిత్తి. దానివల్లే ఆకు బిగువుగా ఉంటుంది.

పుట్టగొడుగులో గదుల వరస లేదు. అంతా దారాలు, చిక్కుపడ్డ వల దారాల్లాగ. ఒక్కో దారంలో అడ్డగోడలున్నాయి గానీ, వాటికి మధ్యలో కన్నాలుంటాయట. ఒక గదిలో సరుకు పక్క గదిలోకి కారిపోతుంది. ఆకుపచ్చ గింజ ఒక్కటి లేదు. అంటే వంటిల్లు లేదు. మీ గడ్డిమీదికి రసాలు వదిలి, దాన్ని బయటే అరగదీసి, పీల్చుకుని బతుకుతుంది.

మిగిల్చి దాచుకునేదీ వేరే. మొక్క పిండిని దాచుకుంటుంది. బంగాళాదుంప మీద అయోడిన్ చుక్క వేస్తే నీలిరంగు తిరిగింది. పుట్టగొడుగు మీద వేస్తే తిరగలేదు. అది దాచుకునేది గ్లైకోజన్. మేక కార్జంలో ఉండేది అదే.

ఇక గోడ. రెండింటికీ కణం చుట్టూ గోడ ఉంటుంది, అందుకే చాలాకాలం పెద్దపెద్దవాళ్లే పుట్టగొడుగుని మొక్కల్లో కలిపేశారు. మీరొక్కరే కాదు పొరపడింది. కానీ మొక్క గోడ సెల్యులోజ్, మన దూదిలో ఉండేది. పుట్టగొడుగు గోడ కైటిన్. రాయడానికి భయమేస్తోంది. రొయ్య పెంకులో ఉండేది అదే.

అలాగని అది జంతువూ కాదు తాతయ్యా. మొక్కలు ఒక జాతి, జంతువులు ఒక జాతి, ఇవి మూడో జాతి. శిలీంధ్రాలంటారు. సూర్యనారాయణ తాతయ్యగారు సగం తప్పు, మీరు సగం తప్పు.

ఒక్క అనుమానం మిగిలింది. రొయ్యలాగ ఉందని రాశారు. కైటిన్‌కి రుచీ వాసనా ఉండవు. నేనూ హాస్టల్లో ఆ పుట్టగొడుగులే వండుకున్నాను, రొయ్య రుచి రాలేదు. మీకెలా వచ్చిందో?

ప్రీతి


కొల్లేటి కాలవ గట్టు
ఏప్రిల్ 2

ప్రీతికి,

చదివిస్తే ఇదా ఫలితం? గోడ రొయ్యది, దాచుకున్నది మేకది. ఇంక మొక్కకి మిగిలిందేమిటి?

నీ ఉత్తరం టీ కొట్టుకి తీసుకెళ్లలేదు. అబద్ధం ఎందుకు, తీసుకెళ్లాను, సగం వరకు చదివించాను. కార్జం దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సూర్యనారాయణ "తర్వాతేమైందోయ్?" అని ఇంటిదాకా వెంటపడ్డాడు. గుమ్మంలో చదివి వినిపించాను. వాడు తక్కువ తిన్నాడా? "మూడో జాతి అంటే కులం చెప్పని సంబంధంలాగుంది" అన్నాడు. మళ్లీ వాడే "పోన్లేరా, సగం మార్కులు నీకూ వచ్చాయి" అని భుజం తట్టాడు. వాడు జాలి పడితే నాకు ఒళ్లు మండుతుంది.

పాస్టరుగారిని అడిగాను. దేవుడు మొక్కల్ని ఒక దినం చేశాడు, చేపల్ని ఒక దినం చేశాడు, ఈ మూడోదాన్ని ఏ దినాన చేశాడండీ అని. ఆయన దగ్గారు.

అందుకని నేనే తీర్పు చెప్పుకున్నాను. నేను మాట ఇచ్చింది చేప, రొయ్య, కోడి, అలాంటి నీచు గురించి. మూడో జాతి గురించి ఆ వరండాలో నాకు తెలియదు. తెలియనిది తినడం మాట తప్పడం కాదు. ఇకమీదట ఈస్టరు దాకా పుట్టగొడుగు ముట్టను. ఈస్టరు నాడు ఉన్నదున్నట్టు చెబుతాను. నా మాట నిలబడింది.

రుచి సంగతి. నాకు రొయ్య రుచి తెలియదంటావా? కొల్లేట్లో వల వేసి బతికినవాణ్ణి. అచ్చం రొయ్యే. ఆ మాటకొస్తే ఆనపకాయలోనూ ఉందా రుచి, బీరకాయలోనూ ఉంది. మీ మైక్రోస్కోపు కింద ఆనపకాయని కూడా పెట్టి చూడు, అందులోనూ ఆ పెంకు సరుకు ఏదైనా ఉందేమో.

మీ తాత


ఏలూరు
ఏప్రిల్ 6

తాతయ్యా,

మీ తీర్పు బాగుంది. రుచి సంగతి వదిలెయ్యండి. నాలుక ఒక్కోసారి పొరబడుతుంది. నాకు పరీక్షలు దగ్గరపడ్డాయి, ఎక్కువ రాయలేను. ఎండలో తిరగకండి.

ప్రీతి


కొల్లేటి కాలవ గట్టు
ఏప్రిల్ 13, మట్టలాదివారం

ప్రీతికి,

అడిగినదానివి నువ్వే, వదిలెయ్యమన్నదానివీ నువ్వే. కణం గోడ గురించి మూడు పేజీలు రాసినదానివి, రుచి దగ్గరికొచ్చేసరికి మూడు ముక్కలు రాశావు. నేను చదువు లేనివాణ్ణిగానీ తెలివి లేనివాణ్ణి కాదు.

పైగా అదే వారం నుంచి ఇంట్లో కూరలు చప్పబడ్డాయి. బీరకాయ పాత బీరకాయ అయిపోయింది. ఆనపకాయ నీళ్లు. దేవుడు ఇచ్చిన నాలుక వెనక్కి తీసుకున్నాడా? ఎందుకు తీసుకుంటాడు, నేనేం తప్పు చేశాను?

నిన్న సావిట్లో మూడు రాళ్లు పెట్టి, గుత్తి ఒకటి కోసి, ఉప్పు ఒక్కటే వేసి ఉడకబెట్టాను. నమిలి చూసి ఉమ్మేశాను, మింగలేదు. మెత్తగా ఉంది. తడిగడ్డి వాసనేస్తోంది. రొయ్య లేదు, రొయ్య నీడ కూడా లేదు. నీ కైటిన్ మాట నిజమే.

తిన్నగా వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బా మూత తీశాను. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు. మధ్య గిన్నెలో రొయ్యపొట్టు. వేలెడంత కూడా లేని ఎండు రొయ్యలు, కళ్లతో సహా నాకేసి చూస్తున్నాయి.

"మార్తా, ఇదేంటి?"

"రొయ్యపొట్టండీ."

"కూరల్లో వేశావా?"

"ప్రీతి ఫోను చేసి అడిగేదాకా వేశానండీ. ఆ తర్వాత వెయ్యలేదు."

"నీచు ముట్టనని చర్చిలో లేచి చెప్పాను కదే! నువ్వూ ఉన్నావు కదే అక్కడ!"

"నీచెక్కడ వండానండీ నేను? చేప తోమలేదు, రొయ్య ఒలవలేదు. ఇది పోపుసామాను. ఆవాల పక్కన ఉండేది నీచెలాగవుద్ది?"

ఆ వాదన ఎక్కడో విన్నట్టే అనిపించింది. అయినా కోపం ఆగలేదు. కంచం విసిరికొట్టాను. నలభై దినాల్లో ఎన్ని పూటలు తిన్నానో! నా మాట నా వంటింట్లోనే మట్టిపాలైంది. నీకు తెలిసి కూడా చెప్పలేదు. ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు.

ఈస్టరు నాడు లేచి నిలబడతాను. ఏం చెబుతానో నీకు రాయను.

రాజరత్నం


ఏలూరు
ఏప్రిల్ 15

తాతయ్యా,

కింద "మీ తాత" అని రాయలేదు మీరు. చూశాను.

తప్పు నాది. మామ్మని ఫోనులో అడిగింది నేనే. నేను అడిగాకే ఆవిడకి అది నీచని తట్టింది. "చెయ్యి దానంతటదే పోయిందే ప్రీతీ, చూసి వేసింది కాదు" అని ఏడ్చింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మీకు నిజం చెప్పాలా, ఆవిడకిచ్చిన మాట నిలబెట్టాలా తేలక ఆ పొట్టి ఉత్తరం రాశాను. మాట ఇచ్చినవాళ్ల కష్టం మీకంటే ఎవరికి తెలుసు?

ఇంకొకటి. కంచం విసిరాక మామ్మ ఏమందో మీరు రాయలేదు. నాకు ఆవిడే చెప్పింది. "ఈ చెయ్యి రాకపోయినా బాగుండేదండీ" అందట. తాతయ్యా, నిన్న మన చర్చి కుర్రాడు చరణ్‌తేజ ఫోటోలు పంపాడు, మట్టలాదివారం ఊరేగింపువి. మామ్మ మట్ట ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. బంతి కూడా నొక్కడం మానేసిందట. వాడకపోతే ఆ చెయ్యి మళ్లీ బిగుసుకుపోతుందని డాక్టరుగారు మీ ముందే చెప్పారు.

ఈస్టరు నాడు ఏం చెప్పాలో నేను చెప్పను. అందరి ముందూ మామ్మ తల దించుకునేలా మాత్రం చెయ్యకండి.

మీ ప్రీతి


కొల్లేటి కాలవ గట్టు
ఏప్రిల్ 21, ఈస్టరు మర్నాడు

ప్రీతమ్మకి మీ తాత రాయడం.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ మామ్మ అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బియ్యం ఏరుతోంది. కుడిచెయ్యి ఒళ్లో, ఎవరిదో అన్నట్టు పడి ఉంది. అప్పటికి నాలుగు రోజులుగా మాట్లాడుకోవడం లేదు మేము. నేను కూర్చుని ఆ చేతికేసే చూశాను. ఆవిడ సిగ్గుపడి కొంగు కప్పుకుంది.

నిన్న చర్చి కిక్కిరిసింది. సూర్యనారాయణ కూడా వచ్చాడు, కొత్త చొక్కా వేసుకుని, వెనక బల్ల మీద. విందు కోసం వచ్చానన్నాడు, నా సంగతి తేల్చుకోడానికి వచ్చాడు. పాస్టరుగారు "రాజరత్నంగారు సాక్ష్యం చెబుతారు" అన్నారు. లేచాను. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"దేవుణ్ణి ఈవిడ కుడిచెయ్యి అడిగాను. నేననుకున్నది గరిటె పట్టుకునేంత చెయ్యి. ఆయన మొత్తం ఇచ్చాడు. నాకు పెళ్లైనప్పటి నుంచి చూడకుండా పోపుల డబ్బాలోకి వెళ్లే చెయ్యి, అదే చెయ్యి మళ్లీ చూడకుండా వెళ్లింది. రొయ్యపొట్టు తీసింది. కూరలో వేసింది. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను. నీచు ముట్టనన్నాను, ముట్టాను. నా మాట నిలబడలేదు. ఆయన మాట నిలబడింది. చెయ్యి పాత అలవాట్లతో సహా తిరిగొచ్చింది. ఇదే సాక్ష్యం."

కూర్చున్నాను. తర్వాత మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, అందరూ అందుకున్నారు. పాస్టరుగారు మళ్లీ దగ్గారు. ఆడవాళ్ల వైపు చూశాను. మీ మామ్మ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. అది కుడిచెయ్యి.

నవ్వడం చూశాను గానీ వినపడలేదు. ఆ చెవి మిషను సంగతి ఏలూరులో కనుక్కో. ఎందుకని అడగకు. అది పెట్టుకున్నా ఉత్తరాలు మానను.

విందులో సూర్యనారాయణ నా పక్కనే కూర్చున్నాడు.

"ఇంతకీ నెగ్గావా, ఓడావా?"

"రెండూ కాదు. మూడో జాతి."

"మంచి తిరకాసు దొరికిందిరా నీకు! వచ్చే ఏడు సంగతేంటి?"

"వచ్చే ఏడు మళ్లీ ఇదే దీక్ష పడతాను. ఆ నలభై దినాలూ మా పోపుల డబ్బా మీ అటక మీద ఉంటది."

"మా వీరరాఘవమ్మ నిన్నూ డబ్బానీ కలిపి కాలవలో గిరాటేస్తది."

పుట్టగొడుగుల విత్తనం ఇంకా తీసుకురా. ఇప్పుడు తినొచ్చు. నాలుగు సంచులు వాడికీ కట్టిస్తాను, కార్తీకం వచ్చేలోపల తినేస్తాడు.

విందు తిన్నా, ఇంటికొచ్చాక మళ్లీ ఆకలేసింది. ఆనపకాయ వండమన్నాను. మీ మామ్మ వంటింట్లో పొయ్యి ముందు నిలబడి నాకేసి చూసింది, వెయ్యనా వద్దా అన్నట్టు. నేను గుమ్మంలో నిలబడి పెరట్లోకి చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి తిరిగి చూస్తే ఆవిడ నాతో ఏదో చెబుతోంది, నాకు వినపడని మాటేదో. కళ్లు నా మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తిన్నగా పోపుల డబ్బా మధ్య గిన్నెలోకి వెళ్లింది.

మీ తాత